హెడ్డాఫీసు లేని తపాలా

మా నాన్న విజయవాడ ఆర్‌ఎంఎస్‌లో సార్టర్. రైల్వే మెయిల్ సర్వీస్ అంటే ఇప్పటి పిల్లలకు విడమరిచి చెప్పాలి. రాత్రి బండికి తపాలా పెట్టె ఒకటి ఉండేది. లోపల గోడంతా చెక్క గూళ్ళు, ఒక్కో గూటికి ఒక్కో ఊరు. బండి ఊగుతూ పోతుంటే వాళ్ళు నిలబడే సంచులు విప్పి, ఉత్తరాలు గూళ్ళలో వేసి, కట్టలు కట్టి, మళ్ళీ సంచికెత్తి, లక్క సీలు వేసి దారిలో స్టేషన్లలో దింపేవారు. పొద్దున్నే డ్యూటీ దిగి ఇంటికొస్తే నాన్న చొక్కాకి లక్క, గోనె కలిసిన వాసన. అమ్మ స్నానానికి నీళ్ళు తోడుతుంటే నేను ఆ చొక్కా పట్టుకుని నిలబడేవాణ్ణి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, యూజ్‌నెట్ (వెబ్ కంటే ముందే పుట్టిన, కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి తిరిగే చర్చల గ్రూపులు) ఎలా నడుస్తుందో నాకు నిజంగా అర్థమయ్యేలా చేసింది ఆయనే. అప్పటికి కంప్యూటర్ కంటితో చూడని మనిషి, ఏరోగ్రామ్‌ల మీద ప్రశ్నలు రాసి పంపుతూ.

1993 ఆగస్టులో ఎంఎస్‌కి అమెరికా వెళ్ళాను. ఇంటికి ఫోన్ అంటే పక్కింటి వాళ్ళకి చెయ్యాలి, వాళ్ళు అమ్మని పిలవాలి, ఈలోపు డాలర్లు కరిగిపోతుంటాయి. అందుకని ఉత్తరాలే. నేను రాసింది చేరడానికి రెండు మూడు వారాలు, జవాబు రావడానికి మరో రెండు మూడు వారాలు. మొదటి రెండు నెలల్లో తెలుగు మాట చెవిన పడ్డ రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఒక రాత్రి ల్యాబ్‌లో నా పక్కన కూర్చున్న సీనియర్ స్క్రీన్ వైపు చూశాను. నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాలే కానీ చదివితే తెలుగు! "ఇదేంటన్నా?" అన్నాను. "మన గ్రూపురా. సాక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు. ఎస్‌సీఐటీ అంటారు. నీ అకౌంట్‌లో కూడా వస్తుంది, టీఆర్‌ఎన్ అని కొట్టు" అన్నాడు. కొట్టాను. తెల్లారేదాకా చదువుతూనే ఉన్నాను.

ఆ రాతకి ఒక పద్ధతి ఉండేది. రైస్ యూనివర్సిటీలో చదివిన తెలుగువాళ్ళు తయారుచేసిన ఆర్‌టీఎస్. ఇంగ్లీషు 'టి' చిన్నదైతే త, పెద్దదైతే ట. 'ఎన్' చిన్నదైతే న, పెద్దదైతే ణ. 'ఎల్' చిన్నదైతే ల, పెద్దదైతే ళ. రెండు రోజుల్లో కన్ను అలవాటు పడిపోయింది. ఇంకో వారానికి ఆ అక్షరాల వెనక ఎవరి యాస వాళ్ళది వినిపించడం మొదలైంది.

నాకు మొదట కనిపించిన వాటిలో ఒకటి ఇప్పటికీ గుర్తుంది. "మా కర్నూలు వైపు బుడ్డలంటాం" అని ఎవరో రాశారు. అంతే. బుడ్డలేమిటో, ఎవరడిగారో తెలియదు. మర్నాడు కానీ ప్రశ్న రాలేదు: "వేరుశనగకాయల్ని మీ ఊళ్ళో ఏమంటారు?" జవాబు ముందొచ్చింది, ప్రశ్న తర్వాతొచ్చింది. అదెలా సాధ్యమో ఎంత ఆలోచించినా తట్టలేదు. నాన్నకి రాశాను.

ఆయన జవాబులో ఎప్పట్లాగే "చిరంజీవికి ఆశీర్వదించి వ్రాయునది. ఇచ్చట అందరం క్షేమం" తర్వాత నేరుగా విషయంలోకి దిగారు. "ఇందులో వింత ఏమున్నది? నువ్వు సోమవారం రాసినది ఒక దారిన, మంగళవారం రాసినది ఇంకొక దారిన బయలుదేరితే మంగళవారముది ముందు చేరవచ్చును. మా సెక్షనులో రోజూ చూస్తాము. అంటే మీ ఉత్తరములు కూడా మజిలీలు చేసుకుంటూ వస్తున్నవని అర్థము. అయితే మీ హెడ్డాఫీసు ఎక్కడ? ఎవరు నడుపుతున్నారు? స్టాంపు ఎవరు అంటిస్తున్నారు? కనుక్కుని వ్రాయి."

కనుక్కోవడానికి నాకో అదృష్టం కలిసొచ్చింది. ఆ సెమిస్టర్ నుంచే డిపార్ట్‌మెంట్ మెషీన్లు చూసే పెద్దాయన కింద వారానికి కొన్ని గంటల పని దొరికింది. ఆ మెషీన్లని నడిపే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో తల పండినవాడు, ఓపికున్నవాడు. నేను అడిగితే కుర్చీ పక్కకి జరిపి చూపించేవాడు.

హెడ్డాఫీసు లేదు. మొదటి సంగతి అదే. 1979లో డ్యూక్ యూనివర్సిటీలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎలిస్ అనే విద్యార్థులకు ఈ ఆలోచన వచ్చింది. పక్కనే చాపెల్ హిల్‌లో ఉన్న నార్త్ కరోలినా యూనివర్సిటీలో స్టీవ్ బెలోవిన్ మొదటి ప్రోగ్రామ్ రాశాడు. వాళ్ళకి పెద్ద నెట్‌వర్క్‌ల హంగు లేదు. ఉన్నదల్లా యూనిక్స్ మెషీన్, మోడెమ్, ఫోన్ లైను. ఒక మెషీన్ ఇంకో మెషీన్‌కి ఫోన్ చేస్తుంది, కొత్త ఉత్తరాలన్నీ ఇచ్చిపుచ్చుకుంటాయి, ఫోన్ పెట్టేస్తాయి. అది తన పక్కదానికి చేస్తుంది. చాలాచోట్ల ఇది రాత్రిళ్ళే జరిగేది, ఫోన్ చార్జీలు తక్కువ కాబట్టి. నేను వెళ్ళేనాటికి మా లాంటి యూనివర్సిటీల మధ్య ఇంటర్నెట్ మీదే నడిచేది కానీ పద్ధతి మాత్రం మారలేదు. ప్రతి మెషీన్ తన పొరుగు మెషీన్‌తోనే మాట్లాడుతుంది. అందరి పెత్తనం నెత్తినేసుకున్న మెషీన్ ఎక్కడా లేదు.

స్టాంపూ లేదు. ఎవరి డిస్కు ఖర్చు వాళ్ళది, ఎవరి లైను బిల్లు వాళ్ళది. పంపినవాడి ఉత్తరాన్ని వేల చోట్ల వేలమంది తమ ఖర్చుతో మోస్తున్నారు. ఇది నాన్నకి ఎంతో నచ్చింది. "అంటే లోకమంతా బేరింగు ఉత్తరములే అన్నమాట, అందరూ సంతోషముగా చార్జీ కడుతున్నారు" అని రాశారు. బేరింగు అంటే స్టాంపు లేకుండా వచ్చే ఉత్తరం, అందుకున్నవాడే చార్జీ కట్టాలి. ఆ వాక్యం చాలా రోజులు నా టేబుల్ ముందు గోడకి అంటించుకున్నాను.

ఈ ఖర్చు సంగతి మనకి గుర్తుండేలా ఆ రోజుల్లో ఒక ఏర్పాటుండేది. నా మొదటి ఉత్తరం రాసి పంపబోతే తెర మీద హెచ్చరిక వచ్చింది. ఈ ప్రోగ్రామ్ మీ వార్తని నాగరిక ప్రపంచమంతటా వేల మెషీన్లకు పంపుతుందనీ, దానికి నెట్‌కి వందల డాలర్లు, వేలు కూడా ఖర్చవుతాయనీ, ఏం చేస్తున్నారో తెలిసే చేస్తున్నారా అనీ, తప్పకుండా పంపాలా అనీ. కింద రెండే అక్షరాలు, ఔను లేదా కాదు. నేను పంపబోతున్నది వేరుశనగ గురించి నాలుగు లైన్లు. నా అకౌంట్‌లో స్టైపెండ్ ఇంకా పడలేదు. వేలు 'వై' మీద పెట్టి ఎంతసేపు కూర్చున్నానో! చివరికి నొక్కేశాను. ఊపిరి పీల్చుకుని చుట్టూ చూస్తే ల్యాబ్‌లో ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు.

నాన్న తర్వాతి ప్రశ్న అసలైన సార్టర్ ప్రశ్న. "ప్రతి ఆఫీసూ తన పక్క ఆఫీసులన్నిటికీ పంపితే, అదే ఉత్తరము నాలుగు దారుల్లో తిరిగి నాలుగుసార్లు వచ్చును కదా. బయలుదేరిన చోటికే తిరిగి చేరును కదా. దీనికేమి చేస్తున్నారు?"

పెద్దాయనకి ఈ ప్రశ్న చదివి వినిపిస్తే కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "మీ నాన్న ఏం పనిచేస్తారు?" అన్నాడు. చెప్పాను. తల పంకించి, కీబోర్డ్ దగ్గరకి లాక్కుని, రెండు మెషీన్లు మాట్లాడుకునే మాటలు చేత్తో టైప్ చేసి చూపించాడు. ఒక మెషీన్ అంటుంది: "ఐ హ్యావ్", పక్కన ఉత్తరం నంబరు. ఫలానా ఉత్తరం నా దగ్గరుంది అని. అవతలిది తన పద్దు తిరగేసి చూసుకుంటుంది. అది ఇంతకుముందు రాకపోతే 335 అంటుంది, పంపమని. వచ్చి ఉంటే 435, అక్కర్లేదని. అంతే సంభాషణ. ప్రతి ఉత్తరానికీ పుట్టినచోటే ఒక నంబరు పడుతుంది, చివర ఆ మెషీన్ పేరుంటుంది కాబట్టి లోకంలో ఇంకే ఉత్తరానికీ ఆ నంబరు ఉండదు. వచ్చిన నంబర్లన్నీ ప్రతి మెషీన్ ఒక ఫైల్లో రాసి పెట్టుకుంటుంది. 1986లో బ్రయన్ కాంటర్, ఫిల్ లాప్స్లీ రాసిన ఎన్‌ఎన్‌టీపీ అనే పద్ధతి ఇది.

ఇంకొకటి కూడా ఉంది. ప్రతి ఉత్తరం నెత్తిన 'పాత్' అని ఒక లైను. ఉత్తరం ఏ మెషీన్‌కి చేరితే ఆ మెషీన్ తన పేరు ఆ లైనుకి ముందు తగిలిస్తుంది, పేరుకీ పేరుకీ మధ్య ఒక ఆశ్చర్యార్థకం గుర్తు. నీ పేరు అప్పటికే ఆ వరసలో ఉంటే పక్కవాడు నీకు ఆ ఉత్తరం చూపించను కూడా చూపించడు. ఒక ఉత్తరం పాత్ అచ్చు తీసి నాన్నకి పంపాను.

గ్రూపుల పేర్ల గురించి రాసినప్పుడు ఆయన నాకంటే ముందుకెళ్ళిపోయారు. "పెద్దది ముందు, చిన్నది తర్వాత. పిన్‌కోడు వలెనే." నిజమే! 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చిన రోజు నుంచీ ఆయన దానితోనే బతికారు. 5 అంటే మన దక్షిణం వైపు, 52 అంటే ఇంకాస్త దగ్గర, 520 అంటే బెజవాడ. ఇక్కడా అంతే. సాక్ అంటే సమాజం, కల్చర్, ఇండియన్, చివరికి తెలుగు. మెషీన్ లోపల చూస్తే నిజంగానే ఒకదానిలో ఒకటి డైరెక్టరీలు, ఆఖరి దాంట్లో 1, 2, 3 అని ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు. మా మెషీన్ మీద 412వది ఇంకో యూనివర్సిటీలో 97వది కావచ్చు. ఎవరి గూళ్ళు వాళ్ళవి, ఎవరి వరస వాళ్ళది. "చెక్క గూళ్ళే కదరా!" అని నాన్న ఆ ఉత్తరం అంచున పెద్దక్షరాలతో రాశారు.

కొత్త గూడు పెట్టాలంటే ఓటింగు. ముందు చర్చ, తర్వాత ఈమెయిల్‌లో ఓట్లు. కావాలన్నవాళ్ళు వద్దన్నవాళ్ళ కంటే కనీసం వందమంది ఎక్కువుండాలి, మొత్తంలో మూడింట రెండొంతులు కావాలనాలి. గెలిచినా ప్రతి మెషీన్ యజమానీ దాన్ని పెట్టుకోవాలనేం లేదు, అది అతనిష్టం. ఈ తతంగం నచ్చనివాళ్ళ కోసం 1987 నుంచీ 'ఆల్ట్' అని వేరే కొమ్మ ఉంది, అక్కడ ఓట్ల గొడవే లేదు. రాసిన ఉత్తరాన్ని వెనక్కి తీసుకోవాలంటే రద్దు చెయ్యమని ఇంకో ఉత్తరం పంపాలి, అది కూడా అదే దారిలో ఒక్కో మెషీన్‌కీ నడుచుకుంటూ వెళ్తుంది. పాటించాలా వద్దా అన్నది మళ్ళీ ఆ మెషీన్ యజమానిదే.

ఇక వేరుశనగ. ఆ ఒక్క ప్రశ్నకి జవాబులు వచ్చిపడ్డాయి. తెలంగాణవాళ్ళు పల్లీలు. రాయలసీమ వాళ్ళు శనక్కాయలు. కర్నూలు బుడ్డలు. అక్కణ్ణుంచి సొరకాయా ఆనపకాయా అనే దానికి మళ్ళింది. ఒకాయన ఓపిగ్గా అన్నీ కలిపి, ఏ మాట ఏ జిల్లాలో అని పెద్ద పట్టిక వేసి పెట్టాడు. నాన్నకి అచ్చు తీసి పంపాలి అనుకున్నాను. రెండు మిడ్‌టర్మ్‌లు అడ్డొచ్చాయి. తీరిక చేసుకుని చూసేసరికి పట్టిక లేదు.

మా డిస్కు చిన్నది. రోజూ రాత్రి 'ఎక్స్‌పైర్' అనే ప్రోగ్రామ్ నడిచి గడువు దాటిన ఉత్తరాలని తుడిచేస్తుంది. మా దగ్గర ఆ గడువు కొద్ది రోజులే. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పంపమని గ్రూపులో రాశాను. మర్నాటికి ఈమెయిల్‌లో మూడు చోట్ల నుంచి మూడు కాపీలు. ఒకటి కెనడా నుంచి. వాళ్ళ మెషీన్‌లో మూడు వారాలు ఉంచుతారట. మా దగ్గర పోయిన ఉత్తరం వాళ్ళ గూట్లో భద్రంగా ఉంది!

ఇది విన్నాక నాన్న రాసిన మాటలు: "మా దగ్గర ఉత్తరము ఒక్కటే. సంచి గోదావరిలో పడిందా, పోయినట్లే. మీ దగ్గర దారిలో ప్రతి ఆఫీసూ ఒక నకలు ఉంచుకుని పంపుతున్నది. ఉద్యోగములో చేరినప్పటి నుండి నేను పోగొట్టుకున్న ఉత్తరములు కొన్ని ఉన్నవి, ఇప్పటికీ నిద్ర పట్టదు." పోగొట్టుకున్న ఉత్తరాల సంగతి ఆయన ఇంట్లో ఎప్పుడూ అనలేదు. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

పట్టికని ఆయన డ్యూటీకి తీసుకెళ్ళారు. ఆర్‌ఎంఎస్ రెస్ట్‌రూమ్‌లో, రాత్రి బండి దిగి నడుం వాల్చే చోట, గుంతకల్లు ఆయన, విజయనగరం ఆయన, కాజీపేట ఆయన చేరి దాని మీద వాదించుకున్నారట. ఇది తప్పు, అది మా వైపు కాదు, ఇది రాయలేదేం అని. ఆ దిద్దుబాట్లన్నీ నాన్న రెండు ఏరోగ్రామ్‌ల నిండా గుండ్రటి చేతిరాతతో రాసి పంపారు. నేను ఆర్‌టీఎస్‌లో ఎక్కించి గ్రూపులో పెట్టాను. పైన ఒక్క లైను రాశాను: విజయవాడ ఆర్‌ఎంఎస్ సార్టర్లు పంపిన సవరణలు. ఒక్క మెషీన్ కూడా లేని ఆ రెస్ట్‌రూమ్ మాటలు వేల మెషీన్లకు వెళ్ళాయి. సిడ్నీ నుంచి ఒకావిడ తెలుగులో ధన్యవాదాలు రాసింది, వాళ్ళ నాన్నగారు కూడా పోస్టాఫీసులో పనిచేశారట.

అంతా బాగుందని చెప్పను. 1994 ఏప్రిల్ 12న ఫీనిక్స్‌లో ఒక లాయర్ల జంట గ్రీన్‌కార్డ్ లాటరీ ప్రకటనని వేల గ్రూపుల్లో గుమ్మరించారు. ఒకే ఉత్తరాన్ని పది గ్రూపులకు కలిపి పంపే మర్యాద ఒకటుంది, అలా చేస్తే చదివేవాడికి అది ఒక్కసారే కనిపిస్తుంది. వాళ్ళు అలా చెయ్యలేదు. ఏ గ్రూపుకి ఆ గ్రూపు విడిగా పంపారు. ఎక్కడికి పోయినా అదే. మా పెద్దాయన ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. అందరూ తమ ఖర్చుతో మోస్తున్నారు కదా అన్న నమ్మకం మీద నడిచే దాన్ని అంత తేలిగ్గా వాడుకోవచ్చని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు, తోచినా సిగ్గేసి ఊరుకున్నారు. దానికి ముందు ప్రతి సెప్టెంబరులో కొత్త విద్యార్థులు వచ్చి మర్యాదలు తెలియక గోల చేసి, నెలకి సర్దుకునేవారు. 1993 సెప్టెంబరు మాత్రం, కొత్తవాళ్ళు ఆగకుండా వస్తూనే ఉండటంతో, ఇంక అయిపోలేదని పాతవాళ్ళు అంటారు. నేను యూజ్‌నెట్‌లోకి వచ్చిందీ ఆ అయిపోని సెప్టెంబరులోనే, ఆ మాట విన్నప్పుడల్లా నాకు కొంచెం గుచ్చుకుంటుంది.

నాన్న 1995లో రిటైరయ్యారు. మరుసటి వేసవిలో అమ్మానాన్నలని నా దగ్గరకి పిలిపించుకున్నాను. వచ్చిన రెండో రోజే, జెట్‌లాగ్ కూడా తీరకుండా, "ఏదిరా ఆ పాత్?" అన్నారు. మోడెమ్ కూస్తుంటే చెవి దగ్గరగా పెట్టి విన్నారు. ఒక ఉత్తరం తెరిచి నెత్తిన ఉన్న లైను చూపించాను. కళ్ళజోడు సర్దుకుని, కవరు మీద ముద్రలు చదివినట్టు, కుడి నుంచి ఎడమకి వేలు జరుపుతూ చదివారు. బయలుదేరిన చోటు కుడి చివరన ఉంటుందని నేను చెప్పకుండానే పట్టేశారు. మధ్యలో యూయూనెట్, హౌలాండ్ డాట్ రెస్టన్ లాంటి పెద్ద పేర్లు వచ్చినప్పుడు ఆగి, "ఇవి మన కాజీపేట లాంటివి, జంక్షన్లు" అన్నారు.

"ఒకటి తక్కువైంది. ముద్రలో వేళ లేదు. ఏ ఆఫీసుకి ఎన్నింటికి చేరిందో లేకపోతే ఆలస్యం ఎవరి దగ్గర జరిగిందో ఎలా తెలుస్తుంది?"

నా దగ్గర జవాబు లేదు. పాత్‌లో పేర్లే ఉంటాయి, వేళలు ఉండవు. వాళ్ళు నా దగ్గరున్న ఆరు నెలలూ ఆయన రోజూ సాయంత్రం ఒక గంట నా కుర్చీలో కూర్చుని తెలుగు గ్రూపు చదివేవారు. చదవడం అయ్యాక నోట్‌బుక్‌లో ఏదో రాసుకునేవారు, నేను పట్టించుకోలేదు.

తర్వాత తర్వాత అందరం వెబ్ వైపు జరిగిపోయాం. 2001 ఫిబ్రవరిలో డేజా న్యూస్ అనే వెబ్‌సైట్ దాచిన యూజ్‌నెట్ ఉత్తరాల్ని గూగుల్ కొనుక్కుంది. ఆ ఏడాది డిసెంబరులో ఇంకా పాతవి కలిపింది. వాటిలో 1981 నుంచి 1991 దాకా ఉన్నవి టొరాంటో యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగంలో హెన్రీ స్పెన్సర్ అనే ఆయన 141 టేపుల మీద దాచి ఉంచినవి. తన గూటికి వచ్చిన నకళ్ళని పారెయ్యబుద్ధి కాని మనిషి ఒక్కడుంటే చాలు, పదేళ్ళు బతికి బయటపడ్డాయి. 1994 నాటివి కూడా ఇంకెవరో అలాగే దాచినవి వచ్చి చేరాయి. వెతికితే నా పోస్ట్ దొరికింది. విజయవాడ ఆర్‌ఎంఎస్ సార్టర్లు పంపిన సవరణలు. అచ్చు తీసి నాన్నకి పోస్టులోనే పంపాను, మామూలు పోస్టులో, స్టాంపు అంటించి.

2010 మే 20న డ్యూక్ యూనివర్సిటీ తన యూజ్‌నెట్ సర్వర్ ఆపేసింది, ఎక్కడ పుట్టిందో అక్కడే. 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ గ్రూప్స్‌లో యూజ్‌నెట్ కొత్త ఉత్తరాలు రావడం ఆగిపోయింది. పాతవి చదువుకోవచ్చు. మిగతా మెషీన్లు కొన్ని ఇప్పటికీ ఒకదానికొకటి "నా దగ్గరుంది, కావాలా?" అని అడుగుతూనే ఉన్నాయి. ఆపమని చెప్పడానికి హెడ్డాఫీసు లేదు కదా.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఫిబ్రవరి వార్త చదివిన వేసవిలో బెజవాడ వెళ్ళినప్పుడు ఆయన ట్రంకుపెట్టె దింపించాను. అడుగున లక్క ముక్కలు, ఒక పాత సీలు దారం కట్ట, నోట్‌బుక్. తెరిస్తే స్కేలుతో గీసిన మూడు గడులు. మొదటిది వరుస సంఖ్య. రెండోది ఆఫీసు పేరు, అందులో యూయూనెట్, హౌలాండ్, ఇంకా ఎన్నో మెషీన్ల పేర్లు గుండ్రటి తెలుగు అక్షరాల్లో, పేజీలకి పేజీలు. మూడో గడి పైన "చేరిన వేళ" అని రాసుంది. దాని కింద అన్ని పేజీల్లోనూ ఖాళీ. మొదటి పేజీ అంచున మాత్రం పెన్సిల్‌తో: "అబ్బాయి కనుక్కుని చెప్పిన పిదప నింపవలెను."